నొక్కితే పడే తాళంకప్ప

ఏ రాజ్యమో గుర్తులేదు గానీ, అక్కడి దివాను మహా ముదురు. రాజుగారికి జనం పంపే అర్జీ పెట్టెలన్నీ ఆయన చేతుల మీదుగానే పోవాలి. తాళం వేస్తే తాళంచెవి కూడా వెంట పంపాలి కదా, లేకపోతే రాజుగారు ఎలా తీస్తారు? ఆ చెవితో దివానే ముందు తీసి చదివేవాడు. తన మీద ఫిర్యాదు రాసినవాళ్ళని ఖైదులో పడేసేవాడు. కమ్మరి గవరయ్య తమ్ముడు అలా లోపలికెళ్ళి ఆర్నెల్లయింది.

ఓసారి తలుపు గడియ బాగుచెయ్యడానికి గవరయ్యని కోటకి పిలిచారు. పనయ్యాక రాజుగారి చేతిలో ఓ తాళంచెవి పెట్టి, "ఇది ఎవ్వరికీ ఇవ్వకండి ప్రభూ" అని దణ్ణం పెట్టి వచ్చేశాడు. తరవాత దానికి సరిపోయే తాళంకప్పలు వంద చేసి, తెరిచినవి తెరిచినట్టే సంతలో పంచాడు. వాటిని నొక్కితే చాలు, తాళం పడిపోతుంది.

తన అర్జీ పెట్టెకీ ఒకటి తగిలించి, నొక్కి, అందరూ చూస్తుండగా దివానుకిచ్చాడు.

"చెవేదిరా?"

"వెయ్యడానికి చెవి అక్కర్లేదు దొరా. మీరూ ఓ నాలుగు కప్పలు తీసుకోండి."

"వెటకారమా? నువ్వేగా వేశావు, నువ్వే తియ్యి. లేదంటే వీపు చిట్లుతుంది!"

గవరయ్య చేతులు జోడించాడు. "చంపినా నావల్ల కాదండి. ఉన్నది ఒక్కటే చెవి, రాజుగారి దగ్గరుంది. ముందు మీరు చదవాలని అడిగి చూడండి, ఇస్తారేమో."

పెట్టె పగలగొట్టినా, దాచినా రాజుగారికి తెలిసిపోతుంది. లోపల ఏ ఖైదీ గురించి రాశాడో దివానుకి తెలీదు. అందుకని పెట్టె కోటకి చేరేలోపే, ఎందుకైనా మంచిదని ఖైదులో ఉన్నవాళ్ళందర్నీ వదిలేశాడు.