కంచంతో దిగిన ఫోటో

"శేషారత్నమా!"

కేక వీధి చివరి నుంచి వచ్చింది. వరద నీళ్ళు అప్పుడే తీశాయి, ఇంకా పిక్కల్లోతు బురద. ఆ బురద తొక్కుకుంటూ మనిషి వస్తున్న చప్పుడు కేక వెనకాలే వినపడుతోంది. దర్గా వాకిట్లో కంచాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళంతా, ఎవరబ్బా ఈ శేషారత్నం అని ఒకరినొకరు చూసుకున్నారు.

ఒక్కావిడ మాత్రం ఎవరినీ చూడలేదు. చేతిలో కంచం అరుగు మీద పెట్టి, పిల్లను చంకనేసుకుని, గరిటె పట్టుకుని వండుతున్న నా పక్కనుంచే వంటపాక వెనక సందులోకి వెళ్ళిపోయింది. కంచంలో మెతుకు కదపలేదు.

ఆవిడ పేరు మాకు అప్పుడే తెలిసింది.

వచ్చిన రోజు మెడ మీద కాలిన మచ్చ పైటతో కప్పుకుని, "ఇక్కడ పేర్లూ ఊళ్ళూ అడుగుతారా అయ్యా?" అంది మా దర్గా గురువు గౌస్ షా హజ్రత్‌తో.

"అన్నం పెట్టేచోట అడగం తల్లీ," అన్నారాయన. ఆ దర్గా పద్ధతే అంత. అందరూ కూర్చునేదాకా ఎవరూ తినరు, ఎవరు ఎవరని ఎవరూ అడగరు.

హజ్రత్‌కి యూనుస్ అని శిష్యుడు. గుంటూరులో కంప్యూటర్ చదువు చదివొచ్చాడు. మంచి పిల్లాడండీ, ఉన్నమాట చెప్పాలి, బియ్యం మూటలు నాకంటే ఎక్కువే మోశాడు. బియ్యం అడుగంటేసరికి అతనికి కంటిమీద కునుకు లేదు. అన్నం పెట్టించుకునేవాళ్ళని ఫోన్లో ఫోటోలు తీశాడు. నమ్మకం కుదరాలని కింద దర్గా పేరు, వీధి పేరు రాసి దాతల గ్రూపులో పెట్టాడు. తెల్లారేసరికి లారీ దిగింది. పాత బియ్యం, కందిపప్పు, నూనె డబ్బాలు కూడానూ. ఆ పూట నేను ఖిచిడీలో యాలక్కాయలు కూడా వేశాను, అంత సంబరం.

ఆ సంబరంలో హజ్రత్ ఒక్క మాట అడిగారు. "తీసేముందు వాళ్ళని అడిగావా నాయనా?"

"ఆకలితో నిలబడ్డవాళ్ళు వద్దంటారా హజ్రత్?" అని నవ్వాడు యూనుస్.



ఇప్పుడు ఆ కేక వేసినవాడు వాకిట్లోకి వచ్చి ఫోను అందరి ముఖాల ముందూ తిప్పుతున్నాడు. "నా పెళ్ళాం. మా ఊరి గ్రూపులో పడింది. బుకాయించబాకండి, మీ దర్గా పేరు రాసే ఉంది."

ఫోటో చక్కగా వచ్చింది. ఒక చేతిలో కంచం, ఒక చేతిలో పిల్ల, ముఖం నిండా వెలుతురు. యూనుస్ అది చూసి గోడకి ఆనుకున్నాడు.

"కూర్చో బాబూ, తిని వెళ్ళు," అన్నారు హజ్రత్.

"నీ కూడెవడికి కావాలి," అంటూ వాడు వంటపాకలో గంపలు కూడా ఎత్తి చూశాడు. "ఏం ముసలాయనా, నువ్వు చూళ్ళేదా?"

"ఖిచిడీ మాడుతోంది. నాకు అది తప్ప ఏం కనపడలా," అన్నాను.

కానీ సందులో బురద ఉంది కదా. బురదలో అడుగులున్నాయి. వాడు అవి చూసుకుంటూ పోయాడు. హజ్రత్ సైగ చేస్తే మావాళ్ళు నలుగురు వాడి వెనకే పరిగెత్తారు.

పొద్దు వాలాక వాళ్ళు తిరిగొచ్చారు. "కాలవ గట్టు దాటి తారురోడ్డు ఎక్కాక అడుగుల్లేవు హజ్రత్. ఆవిడా లేదు, వాడూ లేడు."

అప్పటిదాకా ఎవరూ తినలేదు. ఖిచిడీ గడ్డకట్టింది. యూనుస్ గోడ దగ్గరే ఉన్నాడు. "తీసేశాను హజ్రత్. గ్రూపులోంచి కూడా తీసేశాను," అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు.

హజ్రత్ అరుగు మీద ఆవిడ వదిలిన కంచం తెచ్చి యూనుస్ కుడిచేతిలో పెట్టారు. పక్కన ఒక తల్లి ఒళ్ళో ఏడుస్తున్న పిల్లాణ్ణి అడిగి తీసుకుని ఎడమచేతికి ఎత్తించారు. తర్వాత యూనుస్ జేబులో ఫోను తీసి, సరిగ్గా అతని ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు.

యూనుస్ కళ్ళు ధారకట్టి ఉన్నాయి. ముఖం కప్పుకోబోయాడు. కంచం ఒరిగింది. ఎడమచెయ్యి ఎత్తబోతే పిల్లాడు జారాడు. రెండు చేతులూ మళ్ళీ బిగించుకుని, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

హజ్రత్ ఫోను దించారు.

"వద్దని ఏ చేత్తో చెప్తావు నాయనా?"

ఆయన ఫోను బోర్లించి అరుగు మీద పెట్టి, వరసలో కూర్చున్నారు. నేను చల్లారిన ఖిచిడీ వడ్డించాను. యూనుస్ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆవిడ కంచంలోంచి మొదటి ముద్ద వాడికి పెట్టాడు. అప్పుడు అందరం తిన్నాం, తలలు వంచుకుని.