ఒకటి మీద వేలు

మా ఊళ్ళో తెలివి అనేది ఒకచోట కుప్పగా ఉందంటే అది మా ఇంట్లోనే. ఇది నేను అంటున్న మాట కాదు, మా పెదనాన్న అనే మాట. నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. నలుగురున్న ఇంట్లో నలుగురూ ఒప్పుకున్నాక ఇంక బయటివాళ్ళని అడిగేదేముంది?

అంత తెలివైన ఇంట్లో నాకు పెళ్ళి కుదరబోయింది. పిల్ల పేరు నూకరత్నం. ఇల్లు కాలవ అవతలే. మా అరుగు మీంచి కేక వేస్తే వాళ్ళ గేదె తల తిప్పి చూస్తుంది. పెళ్ళిచూపుల్లో నేను కాఫీ గ్లాసు ఒళ్ళో ఒలకబోసుకుంటే ఆ పిల్ల నవ్వింది. అంతే, ఆ రోజు నుంచీ నాకు ముద్ద దిగలేదు. మేం బయల్దేరుతుంటే వాళ్ళ నాన్న సన్యాసినాయుడు, "మా గుంట మనసు కనుక్కుని గురువారం లోగా ఫోన్లో సెప్తాను" అన్నాడు.

ఫోన్లో అన్నాడు కాబట్టి ఫోన్లోనే. దారిలో ఆయన ఎదురైతే మేం మొహం తిప్పుకుని నడిచేవాళ్ళం, మాట ముందే నోటితో చెప్పేస్తాడేమోనని.

మా ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. జగత్‌వాణి కంపెనీది. సోమవారం పొద్దున దానికో మెసేజీ వచ్చింది. మీ వివరాలు సరిచూసే దాకా మీకు ఫోన్లు రావు, మా సహాయ కేంద్రానికి ఫోన్ చెయ్యండి అని. గురువారం లోగా ఇది బాగుపడకపోతే నూకరత్నం నాకు లేనట్టే. ఇంకేముంది, చేశాం.

ఆడపిల్ల గొంతు. "జగత్‌వాణికి స్వాగతం. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. తెలుగు కోసం ఒకటి నొక్కండి."

నాన్న కళ్ళు చెమర్చాయి. "యాభై ఏళ్ళొచ్చినాయి నాకు. నన్ను ముఖ్యం అన్న మనిషి ఈ పిల్లొక్కతే." అంటూ ఒకటి నొక్కాడు. నొక్కిన వేలు తియ్యలేదు.

"వేలు తియ్యవేటి?" అంది అమ్మ.

"నొక్కమన్నాది గానీ వదలమని సెప్పలేదు కదే."

నిజమే. అందరం మెచ్చుకున్నాం.

తర్వాత ఆ పిల్ల, "మా ప్రతినిధులందరూ పనిలో ఉన్నారు. దయచేసి వేచి ఉండండి. ఈ సమాచారం మళ్ళీ వినాలంటే తొమ్మిది నొక్కండి" అంది. అంత మర్యాదగా అడిగితే అక్కర్లేదని ఎలా అంటాం? నొచ్చుకోదూ? నాన్న వేలు ఒకటి మీద ఉంది కాబట్టి తొమ్మిది పెదనాన్న నొక్కాడు. పిల్ల మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. పెదనాన్న మళ్ళీ నొక్కాడు. సాయంత్రం దాకా ఇదే పని. ఒకటి మీది వేలు వాచిపోతే మనిషి మారేవాడు. మధ్యలో అమ్మ ఫోను దగ్గరికి వంగి, "బువ్వ తిన్నావా తల్లీ?" అని అడిగింది. "దయచేసి వేచి ఉండండి" అని వచ్చింది జవాబు.

"ఇంకా తిన్లేదట పాపం" అంది అమ్మ.

మంగళవారం పెదనాన్నకి కోపం వచ్చింది. "లోకంలో ఇదొక్కటేనా కంపెనీ?" అన్నాడు. జంక్షన్‌లో మూడు ఫోన్ల కొట్లున్నాయి. ఎర్ర కొట్టు, పచ్చ కొట్టు, నీలం కొట్టు. ఒకప్పుడు మూడూ వేరేవేరే కంపెనీలవి. జగత్‌వాణి మూడింటినీ కొనేసి రంగులు మాత్రం ఉంచింది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. మాకూ తెలుసు. అయినా రంగు వేరుగా ఉంది కదా అని మేం ఫోను తీసుకున్న ఎర్రకొట్టు వదిలి పచ్చకొట్లోకి నడిచాం. ఎర్రకొట్టాయనే మధ్య తలుపులోంచి వచ్చి బల్ల వెనకాల కూర్చున్నాడు.

"మూడూ ఒకరివే నాయుడుగోరూ. నంబరూ అదే ఉంటాది. రంగే మారతాది" అన్నాడు.

"రంగు మారితే సాలు" అన్నాడు పెదనాన్న.

ఆయన ఫోన్లో ఒక కాగితం చూపించి చదివాడు. మీ మాటలు వినవచ్చా, మీరెక్కడున్నారో చూడవచ్చా, మీ చుట్టాల నంబర్లు తీసుకోవచ్చా, అంగీకరిస్తారా అని చాలా పొడుగు కాగితం.

"ఇంట్లో నా మాట ఎవులూ వినరు. ఆళ్ళనైనా విననీ" అన్నాడు నాన్న.

"అంత పెద్ద కంపెనీ. అడక్కుండా తీసుకుంటే మాత్రం మనమేటి సేస్తాం? అయినా అడిగినాది. అదీ మర్యాదంటే" అన్నాడు పెదనాన్న.

అంగీకరించాం. ఒక్కసారి చాలన్నా వినకుండా మనిషికోసారి అంగీకరించాం.

అయినా ఫోన్లు రాలేదు. పచ్చరంగు సహాయ కేంద్రానికి చేస్తే అదే పిల్ల, అదే గొంతు. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒలమ్మో! ఈ పిల్ల రెండిళ్ళల్లో పని సేస్తన్నాదిరా!" బుధవారం నీలానికి మారాం. అక్కడా ఆ పిల్లే. "మూడిళ్ళు!" అని అమ్మ ఏడ్చేసి, డబ్బా నిండా చేగోడీలు పోసుకెళ్ళి బడి వెనక ఫోన్ల టవరుకి కట్టి వచ్చింది. మర్నాడు చూస్తే డబ్బా ఖాళీ. టవరు మీద రెండు కోతులు కూర్చుని ఉన్నాయి. "తిన్నాది తల్లి" అని అమ్మ కళ్ళొత్తుకుంది.

గురువారం సన్యాసినాయుడు తనే నడిచి వచ్చాడు. "మూణ్ణాళ్ళ నుంచీ మీ ఫోను కలవదేటండీ?"

అప్పటికి మేం మళ్ళీ సహాయ కేంద్రానికి చేసి ఫోను చుట్టూ కూర్చున్నాం. నాన్న పెదవి మీద వేలు పెట్టి, "మీ రాక మాకు ఎంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి" అన్నాడు. మూడు రోజులుగా నేర్చుకున్న మర్యాద మరి. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాం. పావుగంటకోసారి అమ్మ వెళ్ళి అదే మాట చెప్పి వచ్చింది. ఆయనకి తోచదని పెదనాన్న పక్కనే కూర్చుని, ఫోన్లో వచ్చే వాయిద్యం అచ్చం అలాగే నోటితో వాయించాడు.

రెండు గంటలయ్యాక ఆయన లేచి నిలబడ్డాడు. "మా గుంట ఒప్పుకున్నాదయ్యా! అది సెప్దామనే వొచ్చినాను!"

నేను ఎగిరి గంతెయ్యబోయాను. పెదనాన్న చెయ్యి పట్టుకున్నాడు. "అది ఫోన్లో సెప్పాలండి. మీరే అన్నారు."

"అయితే ఆ ఫోన్నే కోడలిగా తెచ్చుకోండి!" అని ఆయన కండువా దులిపి వెళ్ళిపోయాడు.

ఆ వాయిద్యం గొడవలో పడి పెదనాన్న తొమ్మిది నొక్కడం మరిచిపోయాడు. ఇంకేముంది, ఫోన్లో అసలు మనిషి పలికాడు. వివరాలు అడిగాడు. రెండు నిమిషాల్లో ఫోను బాగైపోయింది. మా ఓపిక్కి మేమే మురిసిపోయాం.

అది మోగింది కూడా. నూకరత్నం! అందరం వినాలని నాన్న స్పీకరు పెట్టాడు.

"మా నాన్న కోపంగా ఉన్నాడు. నాను ఒప్పిస్తాను" అంది ఆ పిల్ల. "నీకు ఇష్టమేనా? ఒక్క మాట సెప్పు."

ఇష్టమే. ఇష్టమంటే మామూలు ఇష్టం కాదు. నోరు తెరిచాను. నాన్న టక్కున నా నోరు మూశాడు. "తొందరపడకురా. ఏ అంకె నొక్కాలో సెప్పనీ."

నిజమే కదా అనుకున్నాను. నలుగురం ఫోను మీదికి వంగాం. నేను వేలు సిద్ధంగా పెట్టుకున్నాను.

"మాటాడవేటి?" అంది నూకరత్నం. మళ్ళీ, "ఇష్టం లేదా?" అంది. మేం ఇంకా వేచి ఉన్నాం. ఫోన్ పెట్టేసింది.

"పద్ధతి తెలీని పిల్ల. ఇష్టమైతే ఒకటి, లేకపోతే రెండు అని సెప్పొద్దూ?" అన్నాడు పెదనాన్న.

అప్పుడు తెలిసింది నాకు. వెంటనే ఒకటి నొక్కాను. గట్టిగా నొక్కాను. వచ్చే నెల్లో ఆ పిల్లకి పెళ్ళట, పెళ్ళికొడుకు వేరే ఊరివాడట. నేను మాత్రం ఒకటి మీంచి వేలు ఇంకా తియ్యలేదు.