ఆపితే అందుకోని లారీ

రాజమండ్రి ఆటోనగర్‌లో సిలార్ మేస్త్రిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన చేతిలో పానా కింద పెట్టి శ్రద్ధగా వినేవాడు. జవాబు మాత్రం నోటితో చెప్పడం అరుదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఏదో ఒక బండి దగ్గరికి నడిచేవాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గర పని చేస్తున్న కొండలరావుకి ఈ సంగతి తెలుసు. తెలిసీ ఒకరోజు పొద్దున్నే అడిగాడు.

"అన్నీ చూసేశాక కూడా జబ్బు దొరక్కపోతే ఇంకెక్కడ వెతకాలి మేస్త్రిగారూ?"

అడగడానికి కారణం గవర్రాజు లారీ. గవర్రాజు కైకలూరు చెరువుల నుంచి చేపపిల్లల్ని నీళ్ళ ట్యాంకుల్లో పోసుకుని కోరాపుట్ దాకా తోలే పెద్దమనిషి. ఘాట్ రోడ్డు మీద పాత ఇంజను రొప్పుతోందని, దాని స్థానంలో బాగా బలమున్న పెద్ద ఇంజను వేయించాడు. ఆ పని మొదటినుంచి చివరిదాకా కొండలరావు ఒక్కడే చేశాడు. పాత ఇంజను దించాక ఛాసీ చట్రాన్ని గీకి, కడిగి, రెండు పూతలు నీలిరంగు కూడా వేశాడు. పక్క షెడ్ల వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళారు.

లారీ ఘాట్ ఎక్కడంలో వంక పెట్టడానికి లేదు. కాని తాళం తిప్పితే స్టార్టరు మూలుగుతూ, ఏదో బరువు లాగుతున్నట్టు తిరిగేది. ఇంజను వేడి మీద ఉంటే అదీ లేదు. ట్యాంకుల్లోకి గాలి కొట్టే పంపు ఇంజనుతోనే నడుస్తుంది గనక, గవర్రాజు అన్నం తినేటప్పుడు కూడా బండి ఆపడం మానేశాడు. కిందటి వారం ఒక రైలుగేటు దగ్గర క్లచ్చి మీద కాలు జారి ఇంజను ఆగిపోయింది. మళ్ళీ అందుకునేసరికి చేపపిల్లల్లో సగం వెల్లకిలా పైకి తేలాయి. ఆయన కొండలరావుని ఒక్క మాట అనలేదు. "నా పాత ఇంజను వేసెయ్యి నాన్నా. అది రొప్పేది గాని, పిలిస్తే పలికేది" అన్నాడంతే.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. కొండలరావు కొత్త బ్యాటరీ వేశాడు. స్టార్టరు విప్పి మరోటి బిగించాడు. రిలే మార్చాడు, తాళం స్విచ్చి మార్చాడు. కరెంటు తిరిగొచ్చే ఎర్త్ తీగకి టెస్టు ల్యాంపు బల్బు పెడితే వెలిగింది, అక్కడితో దాన్ని వదిలేశాడు. స్టార్టరు మాత్రం అలాగే మూలిగింది.

మేస్త్రి అంతా విని లేచాడు. ఇంజను అందుకోకుండా డీజిలు ఆపించి, అక్కడే కాచుకుని ఉన్న గవర్రాజుని బండెక్కించి, తాళం తిప్పుతూ ఆపుతూ ఉండమన్నాడు. ఆరేడుసార్లయింది. కొండలరావు అలవాటుగా స్టార్టరు వైపు వంగాడు. మేస్త్రి అతని మణికట్టు పట్టుకుని, ఇంజను నుంచి ఛాసీకి వచ్చే ఎర్త్ తీగ కొస మీద చెయ్యి పెట్టించాడు.

కొండలరావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేళ్ళు చురుక్కుమన్నాయి.

"కాలుతోంది" అన్నాడు. "ఇక్కడెందుకు కాలుతుంది?"

మేస్త్రి పానా అందించాడు. బోల్టు విప్పి తీగ తప్పిస్తే, దాని కింద నీలిరంగు నిగనిగలాడుతూ ఉంది, అంచుల్లో మాత్రం కాస్త మాడింది. స్టార్టరుకు వెళ్ళిన కరెంటు బ్యాటరీకి తిరిగి రావలసిన దారి అదొక్కటే, ఇంజను కూర్చున్నది రబ్బరు దిమ్మల మీద. రబ్బరూ, రంగూ కరెంటును పోనివ్వవు. బోల్టు మరల్లో దొరికిన కాస్త సందులోంచి అది ఇన్నాళ్ళూ ఈడ్చుకుంటూ వచ్చింది. చిన్న బల్బుకి ఆ సందు సరిపోయింది, అంత పెద్ద ఇంజనుకి ఎక్కడ సరిపోతుంది?

కొండలరావు ఉప్పుకాగితం తీసుకుని, తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దాడు. తీగ బిగించి, డీజిలు వదిలాడు. గవర్రాజు తాళం ఇలా తిప్పాడో లేదో ఇంజను అందుకుంది. ఆయన ఆపాడు. మళ్ళీ తిప్పాడు. నమ్మకం కుదరక అయిదుసార్లు ఆపి అయిదుసార్లు తిప్పాడు.

"ఏం మార్చావు నాన్నా?"

"ఏమీ మార్చలేదు బాబాయ్. నేను వేసిన రంగే అడ్డం పడింది. మీ చేపపిల్లలు చచ్చిపోయింది దానివల్లే."

గవర్రాజు దిగి వచ్చి, రంగు పోయిన చోటు వంగి చూశాడు. కొండలరావు భుజం మీద చెయ్యి వేసి, సాయంత్రం లోడుందని చెప్పి వెళ్ళిపోయాడు.

లారీ మలుపు తిరిగాక కొండలరావు అడిగాడు. "మీకు ముందే తెలుసా మేస్త్రిగారూ?"

"తెలీదు."

"మరి చెయ్యి అక్కడే ఎందుకు పెట్టించారు?"

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నువ్వు విప్పినవన్నీ ఎవరెవరో చేసిన సామాన్లు. నీ చేతిపనిలో విప్పకుండా మిగిలిందేదో చూద్దామనుకున్నాను."