అవతలి ఒడ్డు నుంచి ఒక మాట

"తిస్సుణ్ణి ఇంటికి పంపించేయండి భంతే. వాడింక చదవడు" అన్నాడు సుదత్తుడు.

విహారానికి పెద్ద అయిన ధర్మనంది స్థవిరులు తన కాషాయ చీవరానికి మాసిక వేసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

ఏటి ఒడ్డున ఉన్న ఆ విహారానికి ఎన్నో దేశాల నుంచి కుర్రవాళ్లు చదువుకోవడానికి వచ్చేవారు. వాళ్లకు చదువు చెప్పే బాధ్యత సుదత్తుడిది. మంచివాడే, కాకపోతే నియమాలంటే పడి చచ్చేవాడు. విహారంలో అడుగుపెట్టాక అందరూ పాళిలోనే మాట్లాడాలి. ఒకేలా కూర్చోవాలి, ఒకేలా మొక్కాలి. ఇంటి అలవాట్లు చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలి రావాలి.

అతనూ చిన్నప్పుడు ఎక్కడో కొండల అవతలి నుంచి వచ్చినవాడే. సుదత్తుడన్న పేరు విహారం పెట్టింది. మా ఊరి మాట ఒక్కటి కూడా నాకిప్పుడు రాదని గర్వంగా చెప్పుకునేవాడు.

తిస్సుడిది సముద్రం అవతల ఓ చిన్న దీవి. వాళ్లమ్మ పోయిందని వర్తకుల పడవలో కబురొచ్చింది. ఆనాటి నుంచి గంజి ముట్టలేదు. పొద్దుగూకే వేళకు ఏటి ఒడ్డుకు పోయి నీళ్లకేసి కేకలు పెట్టేవాడు. కాసేపు ఆగి వినేవాడు. మళ్లీ అరిచేవాడు. ఆ తర్వాత వచ్చి ఓ మూల ముడుచుకు పడుకునేవాడు. మనిషి పుల్లలా అయిపోయాడు.

"ఆవిడ పేర మన పద్ధతిలో శాంతిపాఠం చదివించాను. అందరితో పాటు తనూ చదివాడు, మళ్లీ ఏటికే పోయాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి! ఇన్ని దేశాలవాళ్లు ఉన్నారు, ఎవరి తీరున వాళ్లు అరుచుకుంటూ పోతే ఇది విహారమా, సంతా?" అన్నాడు సుదత్తుడు.

స్థవిరులు దారం కొరికారు. "సాయంత్రం పడవ సిద్ధం చెయ్యి. మనం అవతలి ఒడ్డుకు వెళ్లాలి."

తన మాట నెగ్గిందనుకున్నాడు సుదత్తుడు. వర్తకులు దిగేది ఆ ఒడ్డునే. తిస్సుడి ప్రయాణం గురించి మాట్లాడటానికే కాబోలు. విహారం దగ్గర ఏరు సన్నటి పాయ. కాసేపట్లోనే దాటించాడు.

అవతల ఎవరూ లేరు. స్థవిరులు పడవ దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి విహారం వైపు గట్టుకేసి చూస్తున్నారు.

"నీళ్లు చల్లగా ఉన్నాయి, భంతే. గట్టెక్కండి."

"ఉండు నాయనా."

కాసేపటికి తిస్సుడి కేక వినిపించింది. విహారంలో కూర్చుని విన్నప్పుడు అది ఉత్త అరుపు. ఇక్కడ, నీటి మీదుగా వస్తుంటే, ఒక పేరు. ఎవరినో ఇంటికి రమ్మంటున్న పేరు.

స్థవిరులు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఒక మాట అరిచారు. సుదత్తుడికి తెలియని మాట. ముసలి గొంతు సగంలోనే జీరపోయింది. ఆయన మళ్లీ అన్నారు, ఇంకా గట్టిగా.

తిస్సుడి కేక ఆగిపోయింది. తర్వాత ఏడుపు వినిపించింది. కబురొచ్చిన దగ్గర్నుంచి తిస్సుడు ఏడవటం సుదత్తుడు వినలేదు.

తిరుగు పడవలో అడిగాడు. "ఏమన్నారు భంతే?"

"చేరాను, అన్నాను. వాళ్ల దీవిలో పొద్దుగూకితే ఒడ్డున నిలబడి, చేపల వేటకు వెళ్లినవాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. పడవలోంచి 'చేరాను' అని పలికాకే ఇంట్లో అన్నం తింటారు. మనిషి పోయినా అంతే. పోయినవాళ్ల బదులు ఎవరో ఒకరు పలకాలి. ఇక్కడ వాడికి పలికేవాళ్లెవరున్నారు?"

"ఇదంతా మీకెలా తెలుసు?"

"అడిగాను."

సుదత్తుడి చేతిలో తెడ్డు కదల్లేదు. పడవ దానంతటదే కొంత దూరం పోయింది.

గట్టు దగ్గర తిస్సుడు నీళ్లలోకి దిగి పడవను లాగాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. పడవ దిగిన స్థవిరుల కాళ్లకు మొక్కి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని తన భాషలో ఏదో అన్నాడు. అంతలోనే సుదత్తుణ్ణి చూసి బెదిరిపోయి, పాళి మాట కోసం వెతుక్కున్నాడు.

"అర్థమైందిలే. పో, గంజి వేడిగా ఉంటుంది" అన్నాడు సుదత్తుడు.

తిస్సుడు గట్టెక్కి వెళ్లిపోయాడు. స్థవిరులు గట్టు పక్క నీళ్లలోనే నిలబడి, తడిసిన చీవరపు అంచు పైకెత్తి పిండుకుంటూ అడిగారు.

"పొద్దుగూకితే మీ అమ్మ నిన్నేమని పిలిచేది నాయనా?"

సుదత్తుడు నోరు తెరిచాడు. కొండల వైపు చూశాడు. గుమ్మంలో నిలబడి పిలిచే ఆ గొంతు గుర్తుంది. పిలిచిన పేరు గుర్తు రాలేదు.

స్థవిరులు తొందరపెట్టలేదు. జవాబు కోసం ఆ నీళ్లలోనే నిలబడి ఉన్నారు.