ఏడు కాపీల కనకాచలం

గుండ్లవాగు వరి పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ గది చూసుకునే కనకాచలానికి ఏది అర్థం కాకపోయినా "తెలుసు, తెలుసు" అని తలూపేసే అలవాటు ఉండేది. మనిషి చెడ్డవాడు కాడు. తొమ్మిదింటికల్లా వచ్చేవాడు, గదిని అద్దంలా ఉంచేవాడు, ఎవరి పనీ ఆపేవాడు కాడు. కానీ ఇరవై రెండేళ్ళ సర్వీసు తర్వాత ఒకరిని అడిగి తెలుసుకోవడమంటే ఆయనకి తలకొట్టేసినట్టు ఉండేది.

ఒక ఏడాది జనవరిలో ఆ గదికి బీరువా అంత స్టోరేజీ పెట్టె వచ్చింది. కేంద్రంలో అందరి ఫోటోలు, రిపోర్టులు ఇక అందులోనే దాచాలి. దాన్ని బిగించడానికి విజయవాడ నుంచి నఫీసా అనే ఇంజనీరు వచ్చింది. పని అయ్యాక ఆ అమ్మాయి వివరించబోయింది.

"సార్, దీంట్లో ఒక పద్ధతి ఉంది. డీడూప్లికేషన్ అంటారు. అంటే..."

"తెలుసమ్మా, తెలుసు! ఇలాంటి మిషన్లు ఎన్ని చూడలేదూ!" అన్నాడు కనకాచలం.

"అది కాదు సార్, కాపీలు తీసేటప్పుడు మాత్రం కొంచెం..."

"తెలుసంటున్నాగా! ముందు టీ తాగు, చల్లారిపోతోంది."

ఆ అమ్మాయి టీ తాగి వెళ్ళిపోయింది. ఆయన పెట్టెకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాడు. తెలుసుకోవలసింది మాత్రం తెలుసుకోలేదు.

ఆ కేంద్రంలోనే డాక్టర్ హైమవతి అనే శాస్త్రవేత్త ఉండేది. అగ్గితెగులుని తట్టుకునే కొత్త వరి రకం కోసం ఆమె పదకొండేళ్ళుగా పాటుపడుతోంది. చివరి నాలుగేళ్ళూ పంటకాలంలో ఒక్క రోజు కూడా మానకుండా మడిలో దిగి ఆకుల ఫోటోలు తీసింది. ఆ ఫోటోలే ఆమె సాక్ష్యం. మే నెలలో విడుదల కమిటీ వాటిని చూసి ఒప్పుకుంటే విత్తనం రైతుల చేతికి వెళుతుంది. జూన్ నెలాఖరుకి ఆమె రిటైర్ అవుతుంది. అంటే ఆమెకి ఉన్నది ఒకే ఒక్క అవకాశం.

"కనకాచలం గారూ, నా ఫోటోలు భద్రమేనా?" అని ఆమె ఒకరోజు అడిగింది.

"భద్రమా! వారంలో ఏడు రోజులకీ ఏడు కాపీలు తీశాను మేడమ్. సోమవారం పేరుతో ఒకటి, మంగళవారం పేరుతో ఒకటి, అలా ఏడు. ఒకటి పోయినా ఆరుంటాయి. ఇంకా ఆ కెమెరా కార్డులు దాచుకోవడం దేనికి? మీ కంప్యూటర్లోవి కూడా తీసేయండి, బరువు."

ఆమె నమ్మింది. కార్డులు ఖాళీ చేసింది, తన కంప్యూటర్లోవీ తీసేసింది.

అయితే కనకాచలానికి లోపల ఒక తికమక మొదలైంది. మొదటి కాపీ పెట్టినప్పుడు పెట్టె నలభై శాతం నిండినట్టు చూపించింది. రెండోది పెట్టాడు, నలభయ్యే. మూడోది పెట్టాడు, నలభయ్యే. ఏడూ పెట్టాక కూడా ఆ అంకె అక్కడి నుంచి కదల్లేదు. ఏడు బస్తాల ధాన్యం పోసినా గాదెలో మట్టం పెరగకపోతే ఎవరికైనా కంగారు పుట్టదూ? ఆయనకీ పుట్టింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పెట్టె ఆపి మళ్ళీ వేశాడు. ఏడు కాపీలూ తెరిచి చూశాడు. ఏడింటిలోనూ ఫోటోలు చక్కగా కనిపించాయి.

"ఇదేం మాయ! పెట్టినవి ఉన్నాయి, చోటేమో తగ్గలేదు" అని తల గోక్కున్నాడు.

నఫీసా ఫోన్ నంబరు ఆయన బల్ల అద్దం కిందే ఉంది. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేశాడా? అబ్బే! "తెలుసన్నవాడివి ఇప్పుడు అడుగుతావేం అంటుంది. కొత్త మిషను కదా, ఎలాగో సర్దుకుంటోంది కాబోలు" అనుకుని ఊరుకున్నాడు. అలా నాలుగు నెలలు గడిచాయి.

మే నెలలో ఒక శనివారం గదిలో ఏసీ ఆగిపోయింది. అది సెలవు రోజు కాబట్టి ఎవరూ చూసుకోలేదు. సోమవారం కనకాచలం తలుపు తీసేసరికి గది పొయ్యిలా ఉంది. పెట్టెలో రెండు డిస్కులు దెబ్బతిని ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. కమిటీ సమావేశం ఆ శుక్రవారమే.

హైమవతి పరుగున వచ్చింది. "కంగారు పడకండి మేడమ్, ఏడున్నాయి" అంటూ ఆయన సోమవారం కాపీ తెరిచాడు. ఫోటోలు బాగానే వస్తున్నాయి. మూడో సంవత్సరం సెప్టెంబర్ పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి ఆకు సగం నుంచి బూడిదరంగు పట్టీ. అక్కడి నుంచి పందొమ్మిది రోజులు అంతా బూడిదే. సరిగ్గా తెగులు విరుచుకుపడిన రోజులవి.

"పోనీయండి, మంగళవారం చూద్దాం" అన్నాడు. సెప్టెంబర్ పద్నాలుగు, సగం ఆకు, బూడిద. బుధవారం చూశాడు. అదే తేదీ, అదే ఆకు. గురు, శుక్ర, శనివారాలూ అంతే. ఆదివారం కాపీని చివరి నుంచి వెనక్కి తిప్పుతూ వచ్చాడు. అయినా ఆ పందొమ్మిది రోజులూ బూడిదే.

"ఏడుగురు అన్నదమ్ములకీ ఒకేచోట పుట్టుమచ్చ ఉంటుందా మేడమ్? ఎవరో కావాలని చేశారు. లేదా వైరస్సు. లేదా నా కళ్ళే పోయాయి!"

హైమవతి కుర్చీలో కూలబడిపోయింది.

మధ్యాహ్నానికి నఫీసా వచ్చింది. పెట్టె అంతా చూసి, నెమ్మదిగా చెప్పింది. "సార్, ఈ పెట్టె ఒకేలా ఉన్నదాన్ని రెండోసారి దాచదు. మొదటిది ఉంచుకుంటుంది. మిగతావాటికి 'అది అక్కడుంది' అని గుర్తు మాత్రం రాసుకుంటుంది. చోటు కలిసొస్తుందని అలా చేస్తారు."

"మరి నా ఏడు కాపీలూ?"

"మీకు ఉన్నది ఒక్కటే సార్. ఒకే ఇంటి చిరునామాని ఏడు కాగితాల మీద రాసి దాచుకున్నారు. ఇప్పుడు ఆ ఇంటి గోడ కూలింది."

"అలా ఎలా? నేను తెరిచి చూశానే! ఏడూ కనపడ్డాయే!"

"ఏ కాగితం పట్టుకుని వెళ్ళినా మీరు వెళ్ళింది ఆ ఇంటికే సార్."

"అంటే ఈ పెట్టె నాకు అబద్ధం చెప్పిందా?"

"లేదు సార్. చోటు తగ్గలేదని రోజూ నిజమే చూపించింది. ఇంకో కాపీ ఇంకో పెట్టెలో, ఇంకో గదిలో ఉండాల్సింది. ఆ రోజు నేను చెప్పబోయింది అదే."

పోయిన పందొమ్మిది రోజులూ తిరిగి రాలేదు. శుక్రవారం కమిటీ వారు మర్యాదగానే చెప్పారు. తెగులు వచ్చిన రోజుల ఫోటోలు లేకుండా ఒప్పుకోలేమనీ, ఇంకో పంట పండించి చూపించమనీ అన్నారు. నారు పోసేది జూలైలో. హైమవతి జూన్‌లో వెళ్ళిపోతుంది, ఆమె తర్వాత ఆ పని అందుకునేవాళ్ళు లేరు.

ఆమె చివరి రోజున కనకాచలం మడి గట్టు దాకా వెళ్ళి చేతులు జోడించాడు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. "చోటు తగ్గడం లేదని డిస్కులు పాడవడానికి నాలుగు నెలల ముందే నాకు తెలుసు మేడమ్. ఎందుకో మాత్రం తెలియలేదు. అడిగితే పరువు పోతుందనుకున్నాను."

హైమవతి మడి వైపు నుంచి ఆయన వైపు తిరిగింది. "డిస్కులు పాడైనందుకు నాకు కోపం లేదు కనకాచలం గారూ. యంత్రాలు పాడవుతాయి. మీకు అనుమానం వచ్చిన రోజునే నాతో ఒక్క ముక్క అంటే, నా కార్డులు నేనే దాచుకునేదాన్ని. మీ పరువు కోసం నా పదకొండేళ్ళు పోయాయి" అంది.

ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు మీదుగా నడిచి వెళ్ళిపోయింది.

నీతి: అర్థం కానిదాన్ని అర్థమైనట్టు తలూపితే దాని నష్టం మనల్ని నమ్మినవాళ్ళు మోస్తారు, అందుకే అనుమానం వచ్చిన రోజునే సిగ్గుపడకుండా అడగాలి.