బూదవ్వ బొటనవేలు

కోడి కూయడం నేర్చిన కొత్తల్లో, అనగనగా ఒక ఊరు. ఊ కొట్టండి మరి, మీరు ఊ కొట్టకపోతే ఆ ఊరు అక్కడే ఆగిపోతుంది.

ఆ ఊళ్ళో పటాలు రాసేవాళ్ళుండేవారు. పటమంటే గోడకు తగిలించేది కాదు. వీధంత పొడుగు బట్ట. దాని మీద ఒక కథంతా బొమ్మలుగా గీస్తారు. కథ చెప్పేవాళ్ళు దాన్ని చుట్టి భుజాన వేసుకుని, ఊరూరా తిరిగి, విప్పుకుంటూ పాడతారు.

ఆ పటాలకు బట్ట తయారుచేసేది బూదవ్వ. గంజి కాచేది, సుద్ద కలిపేది, చింతగింజల జిగురు పోసేది. బట్టకు ఒక పూత, ఎండాక ఇంకో పూత, అదీ ఎండాక మరో పూత. తర్వాత నున్నటి రాయితో రుద్దేది. కుంచె మాత్రం పుట్టి బుద్ధెరిగి పట్టలేదు. బొమ్మ ఎవరు గీసినా, పేరెవరికి వచ్చినా, బూదవ్వ గంజి కాస్తూనే ఉండేది.

ఒక ఏడు, ఆ ఊళ్ళో పేరుమోసిన చిత్రకారుడు కన్నుమూశాడు. కుంచె అతని కొడుకు నాంపెల్లి చేతికొచ్చింది. అదే ఏడు, కథ చెప్పే పెద్దాయన గొంతు పోయింది. కథ అతని మేనల్లుడు రాజీరు మెడన పడింది. పాత పటం చీకిపోయింది కనుక కొత్త పటం కావాలి, కొత్త కథా కావాలి. చేసేవాళ్ళిద్దరూ కొత్తవాళ్ళే!

కోతలయ్యేలోగా పటం సిద్ధం కాకపోతే కథవాళ్ళు వేరే ఊరి చిత్రకారుల దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఒక్కసారి పటం రాయించుకుంటే మళ్ళీ ఈ గడప తొక్కకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. అదే జరిగితే నాంపెల్లి ఇంట్లో కుంచె ఎండిపోయినట్టే.

బూదవ్వ బట్ట పరిచింది. తెల్లగా మెరిసిపోతోంది. నాంపెల్లి దాని ముందు కూర్చుని కుంచె ముంచాడు, ఎత్తాడు, దించాడు. "కుంచె మెత్తగ లేదు" అన్నాడు. మర్నాడు "వెలుగు సరిగ లేదు" అన్నాడు. ఆ మర్నాడు ఏ సాకూ దొరక్క ఏడుపు మొహం పెట్టాడు. బూదవ్వ గంజి కాస్తూనే ఉంది.

"ఏమైంది బిడ్డా?" అంది.

"భయమైతుంది అవ్వా. మా నాయినైతే ఒక్క గీతల గుర్రాన్ని నిలవెట్టేటోడు. నేను గీస్తే ఇంత మంచి బట్ట ఖరాబైతది."

బూదవ్వ లేచింది. ఎర్రరంగు చిప్పలో బొటనవేలు ముంచింది. తెల్లబట్ట మూల మీద ఠప్పున అద్దింది.

నాంపెల్లి ఎగిరి లేచాడు. "అయ్యో అవ్వా! బట్టంత ఖరాబు జేస్తివి గదనే!"

"అయింది గదా? ఇగ ఖరాబైతదని భయమెందుకు? మొదలువెట్టు" అని వెళ్ళి గరిటె పట్టుకుంది.

నాంపెల్లికి ఒళ్ళు మండిపోయింది. ఆ మచ్చ కనబడకూడదని దానికి ముక్కు పెట్టాడు. రెక్క పెట్టాడు. ఎర్రపిట్టయింది. పిట్ట వాలడానికి కొమ్మ కావాలి కదా, కొమ్మ గీశాడు. కొమ్మకు చెట్టు, చెట్టు కింద ఆవు, ఆవు వెనక ముసలి కాపరి. మొదటి గుర్రం గాడిదలా వచ్చింది. రెండోది కాస్త మేలు. మూడోది పరుగెత్తింది!

ఇంతలో రాజీరు వచ్చాడు. "అవ్వా, ఇతని బొమ్మలు నడుస్తున్నయి, నా కథ నడుస్తలేదు. మొదటి మాటే దొర్కుతలేదు."

"పాడకు. ఉత్తగ నాకు చెప్పు. నా పని నేను జేసుకుంట వింట."

రాజీరు దేవలోకం వర్ణించాడు. గరిటె తిరుగుతూనే ఉంది. రాజుగారి నగలు వర్ణించాడు. గరిటె తిరుగుతూనే ఉంది. కాపరి ఆవు తప్పిపోయిందని, వానలో ముసలాయన దాన్ని పేరు పెట్టి "మైలా, మైలా" అని పిలుస్తూ తిరిగాడని చెప్పాడు. గరిటె ఆగింది.

"దొర్కిందా?" అంది బూదవ్వ.

"ఏంది?"

"ఆవురా! దొర్కిందా లేదా, చెప్పవేంది?"

గంజి అడుగంటి వీధంతా మాడు వాసన. రాజీరు మాత్రం గంతులేశాడు. కథను ఆవు దగ్గరే ఎత్తుకున్నాడు. గరిటె ఆగని చోట్లన్నీ తీసిపారేశాడు.

పటం నిండింది. ఆఖరున బొమ్మలకు కళ్ళు పెట్టారు. కళ్ళు పెట్టాక ఇక కుంచె తాకించకూడదని ఆ ఊరి ఆచారం. కానీ కొత్తవాళ్ళ చేయి ఊరుకుంటుందా? "మీసం కొంచెం దిద్దుత" అని ఒకడు. "ఒక్క చరణం మారుస్త" అని ఇంకొకడు. పొలాల్లో ఆఖరి కోత కూడా మొదలైంది. బూదవ్వ వచ్చి పటాన్ని గబగబా చుట్టేసి రాజీరు భుజాన పెట్టింది.

"నడువుండి. తప్పులుంటె వచ్చే పటంల దిద్దుకుందురు."

ఆ ఏడు ఏ ఊళ్ళో పటం విప్పినా జనం "దొర్కిందా ఆవు?" అని అడిగారు. నాంపెల్లి ఇంటి గడప నిలిచింది. ఆ పటం చూడటానికి ఎంత ముచ్చటగా ఉండేదో!

ఏళ్ళు గడిచాయి. బూదవ్వ కాలం చేసింది. నాంపెల్లి పెద్ద పేరున్నవాడయ్యాడు. అయినా కొత్త బట్ట ముందు కూర్చునేసరికి కుంచె ఎత్తాడు, దించాడు. ప్రతి బట్టకూ అవ్వ వేలద్దే మూలకేసి చూస్తే తెల్లగా, ఖాళీగా ఉంది. అవ్వ లేదని అప్పుడు తెలిసొచ్చింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వంటింట్లో మజ్జిగ చిలుకుతున్న కోడలిని పిలిచాడు. "రంగుల బొటనవేలు ముంచి ఈ మూల మీద అద్దు బిడ్డా."

"వామ్మో, ఖరాబైతది మామా!"

"కానీయి."

ఆమె భయపడుతూనే అద్దింది. నాంపెల్లి వీధి అదిరేలా కేకేశాడు. "అయ్యో అవ్వా! ఖరాబు జేస్తివి గదనే!" కళ్ళు తుడుచుకుని, నవ్వుకుంటూ పిట్టకు ముక్కు పెట్టాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కొత్త బట్ట మీద మొదటి గుర్తు చిత్రకారుడు పెట్టడు. ఇంట్లో వంట చేసేవాళ్ళు బొటనవేలు అద్దుతారు. చిత్రకారుడు "అయ్యో అవ్వా" అని తిట్టాలి. తిట్టకపోతే బొమ్మ కుదరదట. కథ కట్టేవాళ్ళు పొయ్యి పక్కన కూర్చుని ముందుగా వండేవాళ్ళకు చెబుతారు. బయటికొస్తే తోటివాళ్ళు "గరిటె ఆగిందా?" అని అడుగుతారు. పిల్లలైతే పటం విప్పగానే రాజును చూడరు, రాణిని చూడరు. మూలన ఎర్రపిట్టను వెతికి, "అదిగో బూదవ్వ!" అని చప్పట్లు కొడతారు.