కనపడని చిలక

"మల్లా అదే మాటనా అవ్వా? పచ్చ మీద ఎరుపు పెడితే కనపడకుండా యాడికి పోతాది?" అన్నాను.

ఈ తగువు మాకు రెండేండ్లుగా ఉంది. ఉసేనమ్మవ్వ కాడ నేను బొంతలు కుట్టేది నేర్చుకోవడానికి చేరిన నాటి నుంచి. ఆమె చేతికి పాతగుడ్డలిస్తే రంగు చూడదు. కండ్లు సగం మూసి, ఇది ముదురు, ఇది లేత అని రెండు కుప్పలేస్తాది, అంతే. ముదురు మీద లేత పెట్టాల, లేత మీద ముదురు పెట్టాల. నాకేమో రంగులు కావాల. మొగుడు పోయినంక వెలిసిన గుడ్డలు కట్టీ కట్టీ విసుగొచ్చింది. "ఇన్ని రంగులుండంగా ఈ కుప్పలెందుకవ్వా?" అని ఎన్నిసార్లడిగినా ఆమె వాదానికి రాదు. సూదిలోకి దారం ఎక్కించుకుంటాది.

ఆ పొద్దు తగువు ఓబన్న తాత బొంత మీద. ఆయన పెండ్లాం పోయి ఆర్నెల్లయింది. ఆమె చీరలు రెండు, ఒకటి కుంకుమెరుపు, ఒకటి చిక్కటి ఆకుపచ్చ, వాటితో పాటు తన పాత పంచె ఒకటి మూటగట్టి తెచ్చినాడు. "మా ఆడమనిషి వాకిట్లో ఎప్పుడూ చిలకముగ్గే ఏసేది. బొంత నడుమ చిలకుండాలమ్మా" అన్నాడు. నేను పంచెను మూలకిసిరేసి, పచ్చచీర మీద ఎర్రచిలకను కుట్టినాను. అవ్వ చూసి "ముదురు మీద ముదురు" అనింది. దానికే నేను "కనపడకుండా యాడికి పోతాది" అన్నాను.

ఓబన్న తాత పొద్దు గుంకినాక వచ్చినాడు. ఇంకా దీపాలు పెట్టలేదు. వసారాలో బొంత పరిచినాను. నిలబడి చూసినాడు, వంగి చూసినాడు.

"చిలక యాడుందమ్మా?"

"ఇదో, నడుమ. నీకు కండ్లు మందగించినాయి తాతా" అన్నాను.

ఆయన మొగం చిన్నబోయింది. "అట్లనా" అని ఆరువందలిచ్చి, బొంత చంకలో పెట్టుకొని పోయినాడు.

నాలుగో దినం మల్లా వచ్చినాడు, బొంతతోనే. టౌనుకు పోయి కంటి డాక్టరుకు చూపించుకున్నాడంట. "ఈ పాత అద్దాలతోనే బాగా కనపడతాదంటాడమ్మా. మరి నాకు సాయంత్రమైతే చిలక కనపడ్లేదే. ఇంకో పెద్ద డాక్టరుండాడంట, ఆయన కాడికి పోవాల్నేమో" అన్నాడు.

అవ్వ నా దిక్కు చూసింది. "ఎంతయింది ఓబన్నా?" అని అడిగింది.

"బస్సుకు రానుపోను ఎనభై నాలుగు. డాక్టరుకు రెండొందలు."

"ఇంకో డాక్టరొద్దులే. దీపాలేళ దాకా కూర్చో."

సందమసక పడినాక అవ్వ బొంతను దండెం మీదేసి, నన్ను గేటు కాడ నిలబడమనింది. "చిలక ముక్కు ఏ పక్కనుందో చెప్పు మద్దమ్మా."

కుట్టింది నేను. "ఎడం పక్క" అన్నాను టక్కున.

"దగ్గరికి రా."

పోయి చూస్తే బొంత తలకిందులుగా ఏసింది. ముక్కు కుడిపక్కనుంది.

"ఆయన కండ్లు చూపించుకున్యాడు. నీవెప్పుడు చూపించుకుంటావు మే?" అనింది.

ఓబన్న తాత నవ్వలేదు. నవ్వింటే బాగుండు.

కుట్లన్నీ విప్పినాను. మూలన పడేసిన పంచెను నేనే పోయి తెచ్చుకొని దులిపినాను. నడుమ పంచె పరిచి, దాని మీద అదే ఎర్రచిలక, చుట్టూ పచ్చ అంచు. మూడు దినాలు పట్టింది. ఓబన్న తాత వచ్చిన సాయంత్రం గేటు కాడ నుంచే అరిచినాడు. "అదో! ముక్కు ఎడమకుంది!"

నేను డబ్బులు బొంత మడతలో పెట్టి చేతికిచ్చినాను. ఊరికే పోతాడులే అనుకున్నాను. ఆయన అక్కడే మడత విప్పినాడు.

"ఇదేందమ్మా?"

అవ్వ కుడతా ఉంది. తలెత్తలేదు. నేనే చెప్పాల్సొచ్చింది.

"నీ బస్సు, నీ డాక్టరు. నీ కండ్లు మందగించలేదు తాతా. ఆ పొద్దు నాకూ కనపడ్లేదు."

ఆయన నోట్లు మడిచినాడు. "పోనీలేమ్మా. కండ్లు బాగుండాయని తెలిసొచ్చింది గదా" అని డబ్బులు జోబులో ఏసుకొని పోయినాడు. తిట్టింటే తల ఎత్తుకునేదాన్ని.

"మూడు దినాల పనీ పాయె, డబ్బులూ పాయె అవ్వా" అన్నాను, నేలకు చూస్తా.

అవ్వ దారం పంటితో తెంపింది. "చవగ్గానే పోయింది లేమే. నోరు జారిన ఒక్క మాటకు రెండొందల ఎనభై నాలుగు రూపాయలు."